ఇల్లు – నేల: వాస్తుశిల్ప విద్యార్థికి మొదటి పాఠము

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అను సామెత ఇంటి యజమాని పడు పాట్లను చెప్పును. ఆ ఇంటి క్రిందనున్న నేల పడు పాట్లను గూర్చి చెప్పు సామెత మాకు తోచలేదు. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఆ నేలను గూర్చియే. ఇల్లు గీయుట నేర్చుకొను విద్యార్థికి, ఇంటి కంటె ముందుగా ఆ ఇల్లు నిలువబోవు నేలను చూచుట ఎట్లు నేర్పవలెను? అట్లు నేర్పినవారు ఎవరైన కలరా? మన ప్రాంతమున అందుకు అనువైన సాధనములు ఏవి? ఇవి ఇందలి ప్రశ్నలు.

మేము తెలుగు బోధించువారము, వాస్తుశిల్పులము కాము. అయినను ఈ విషయమును ఎత్తుకొనుటకు కారణము కలదు. ఇంటర్మీడియెటు ముగించు మన విద్యార్థులలో కొందరు ప్రతి సంవత్సరము ఆర్కిటెక్చరు చదువును గూర్చి మమ్ము అడుగుచుందురు. ఇది ఐదు సంవత్సరముల డిగ్రీ. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టము క్రింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఈ చదువును పర్యవేక్షించుచున్నది. ప్రవేశమునకు 'నాటా' వంటి పరీక్ష వ్రాయవలసి యుండును. హైదరాబాదులో ఈ విద్యకై 2008లో ఒక ప్రత్యేక విశ్వవిద్యాలయమే జవహర్‌లాల్ నెహ్రూ పేరిట ఏర్పడినది. ఇంతవరకు ఏ ప్రాస్పెక్టసు చూచినను తెలియును. అయితే అడుగ వచ్చువారిలో మేస్త్రీల బిడ్డలు, తాపీపనివారి బిడ్డలు, రాతిపనివారి బిడ్డలు ఉండుట మేము గమనించినాము. తండ్రి చేయు పనిని చెప్పుటకు వారు సంకోచింతురు. ఆ పనికిని తాము చదువబోవు చదువునకును సంబంధము లేదని తలంతురు. ఆ చదువునకు మొదటి పాఠము వారి యింటనే కలదని చూపవలెనని మా కోరిక.

ముందుగా ఒక మాట తేల్చుకొనవలెను. వాస్తు అనగానే నేడు దిక్కుల లెక్క స్ఫురించుచున్నది; వంటగది ఏ మూల, ద్వారము ఏ వైపు అను చర్చ మొదలగును. మేము ఇచట వాడు వాస్తుశిల్పమను మాటకు కట్టడమును రూపకల్పన చేయు విద్య అని మాత్రమే అర్థము.

ఈ విద్య నేర్చు విద్యార్థి చేతికి మొదట వచ్చునది ఒక కాగితము; నేటి కాలమున కంప్యూటరు తెర. కాగితము చదునుగా నుండును, తెల్లగా నుండును. స్థలపు హద్దులు దానిపై నాలుగు గీతలు. ఆ గీతల నడుమ ఏమియు లేదని విద్యార్థికి తోచును. హాలు, పడకగదులు, వంటయిల్లు అమర్చి, తలుపులు, కిటికీలు పెట్టి, చివరకు ఖాళీ మిగిలిన చోట గుండ్రని చెట్ల గుర్తులను అచ్చు గుద్దినట్లు గుద్దును. అవి వేపలో, చింతలో, కానుగలో గీసినవానికే తెలియదు. ఇట్టి నక్షను కర్నూలునకు పంపినను, కాకినాడకు పంపినను మార్పేమియు ఉండదు. నేల అనగా ఇంటిని మోయు బల్ల అని మాత్రమే అతని భావము.

ఈ అలవాటును విరువవలెనని పట్టుబట్టినవారిలో అమెరికా దేశపు వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ (1867–1959) ముఖ్యుడు. 1911లో ఆయన విస్కాన్సిన్ రాష్ట్రమున, తన తల్లి వైపు బంధువులు స్థిరపడిన లోయలో, తనకొక ఇల్లు కట్టుకొని 'టాలియెసిన్' అని పేరు పెట్టెను. వెల్ష్ భాషలో ఆ మాటకు 'మెరయు నుదురు' అని అర్థము. ఆ ఇల్లు కొండ శిఖరముపై లేదు. శిఖరమునకు కొంత దిగువగా, నుదుటికి కట్టిన పట్టీవలె కొండను ఒరసుకొని యున్నది. శిఖరముపై కట్టినచో కొండయే పోవునని ఆయన వాదము. వినుటకు ఇది చమత్కారమువలె నుండును గాని, ఇందులో గట్టి లెక్క యున్నది. శిఖరముపై నున్న ఇంటికి నాలుగు వైపుల గాలిదెబ్బ తగులును. నీటిని అంతయెత్తు తోడవలెను. ఊరివారికి కొండకు బదులుగా ఇల్లు కనుపించును, ఇంటివానికి తాను ఇష్టపడి కొన్న కొండ కాళ్ళక్రింద మరుగైపోవును. నుదుటిపై కట్టినవానికి వెనుక కొండ అండగా నుండును, ముందు లోయ తెరచుకొని యుండును.

1932లో రైట్, ఆయన భార్య ఓల్గివానా కలసి ఆ టాలియెసిన్‌లోనే ఒక శిక్షణాలయము ప్రారంభించిరి. విద్యార్థులు అచటనే నివసించి, నక్షలు గీయుటతో పాటు పొలము దున్నుట, వంట చేయుట, రాయి తీయుట, గోడ కట్టుట కూడ నేర్చుకొనవలెను. రుసుము చెల్లించి చాకిరీ చేసిరని దీనిపై విమర్శ కలదు. అది పూర్తిగా త్రోసివేయదగినది కాదని మా అభిప్రాయము. అయినను రాయిని మోసినవాడు రాయిని గీయు తీరు వేరుగా నుండుననుట కూడ అంతే నిజము.

1937లో రైట్ ఆరిజోనా రాష్ట్రమున, స్కాట్స్‌డేల్ పట్టణ సమీపమున, మెక్‌డోవెల్ కొండల పాదమున ఎడారి భూమి కొనెను. విస్కాన్సిన్ మంచును తప్పించుకొని శీతకాలమున గురుశిష్యులందరు అచటికి తరలిపోవుట ఆచారమయ్యెను. అది వర్షము సంవత్సరమునకు ఇంచుమించు 200 మిల్లీమీటర్లు మాత్రమే కురియు నేల; మన హైదరాబాదు వర్షములో నాలుగవ వంతు. కట్టడము పూర్తియగు వరకు విద్యార్థులు గుడారములలో పండుకొనిరి. కట్టుటకు రాయి కావలెను. ఎడారిలో రాళ్ళు కావలసినన్ని యున్నవి గాని అవి చెక్కుటకు లొంగనంత గట్టివి. అందువలన ప్రతి రాతికి చదునైన ముఖమును వెదకి, ఆ ముఖము బయటికి వచ్చునట్లు చెక్క అచ్చులకు ఆనించి పేర్చి, వెనుక వాగులోని ఇసుకతో కలిపిన కాంక్రీటు పోసిరి. అచ్చు విప్పగా గోడ కొండ రంగుననే నిలిచినది. పైకప్పునకు చెక్క చట్రములపై గుడారపు బట్ట పరచిరి. దానిగుండ వచ్చు వెలుతురు కన్నులకు మెత్తగా నుండెడిది. కాలక్రమమున బట్ట స్థానమున ప్లాస్టిక్కు, గాజు వచ్చినవి. 'టాలియెసిన్ వెస్ట్' అను ఈ కట్టడము, రైట్ నిర్మించిన మరి ఏడు కట్టడములతో కలసి, 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది.

మాకు ఆ కట్టడము కంటె దాని చుట్టునున్న ఎడారిలో సాగిన ఒక పద్ధతి ఎక్కువ విలువైనదిగా తోచినది. గుడారములలో ఆరంభమైన ఆచారము, రైట్ పోయిన తరువాత కూడ, చిన్న చిన్న ఆశ్రయములుగా కొనసాగినది. విద్యార్థి తాను నివసించుటకు ఎడారిలో ఒక గూటిని తానే రూపకల్పన చేసి, తన చేతులతోనే కట్టుకొనును, లేదా పూర్వ విద్యార్థి విడిచిపోయిన దానిని బాగుచేసికొనును. గూడు అనగా ఒక మంచము పట్టునంత చోటు. స్నానపు గదులు మొదలగునవి ప్రధాన భవనములో ఉమ్మడిగా నుండును.

ఇంత చిన్నదానిలో నేర్చుకొనుటకు ఏమున్నదని అడుగవచ్చును. ఎడారిలో పగలు ఎండ మండినను రాత్రి చలి వణికించును. కాబట్టి పగటి వేడిని దాచుకొని రాత్రికి విడుచు రాతిగోడ ఏ ప్రక్క నుండవలెనో ఆలోచింపవలెను. ఎండిన వాగు నిద్రించుచున్నట్లుండి, ఎక్కడనో కురిసిన వానకు హఠాత్తుగా పొంగును. కాబట్టి వాగు గర్భమున మంచము వేయరాదు. తేలు, పాము తిరుగు చోటు. కాబట్టి పడక నేలకు కొంత ఎత్తున నుండవలెను. ఈ మూడు సంగతులును ఏ పుస్తకమునందైన దొరకును. అయితే పుస్తకములో చదివినవాడు పరీక్షలో వ్రాసి మరచును. తాను గీసిన కప్పు క్రిందనే తాను పండుకొనవలసిన వాడు మరువడు. తన తప్పును తానే రాత్రియంతయు అనుభవింపవలసి వచ్చు విద్యాలయములు ప్రపంచమున ఎక్కువ లేవు. 2020లో ఆ విద్యాలయము రైట్ పేరనున్న ఫౌండేషనుతో విడిపోయి ఆ ఎడారిని వదలి వెళ్ళినది. ఇది విచారింపదగిన విషయము.

రైట్ గీసిన ఇండ్లలో పెన్సిల్వేనియా అడవిలోని 'ఫాలింగ్ వాటర్' మిక్కిలి ప్రసిద్ధము. 1935లో గీయుటకు ముందు ఆయన యజమానిని ఒక పటము తెప్పింపుమని కోరెను. అందులో నేల ఎత్తుపల్లములే గాక పెద్ద బండలు, ముఖ్యమైన చెట్లు కూడ గుర్తింపబడవలెను. జలపాతము ఎదురుగా కనుపించు ఇల్లు వచ్చునని యజమాని కుటుంబము ఎదురుచూచినది. రైట్ ఇంటిని జలపాతము పైననే నిలిపెను. ఆ కుటుంబము వారు విహారమునకు వచ్చినపుడు కూర్చుండు బండను తొలగింపక, దానినే ఇంటిలోని పొయ్యి ముంగిలిగా చేసెను. మన విద్యార్థులు ఆ ఇంటి ఛాయాచిత్రమును చూచి ఆశ్చర్యపడుదురే గాని, మొదట వచ్చినది పటమని ఎవరును చెప్పరు. ఇదే ఇంటి ముందుకు చాచుకొన్న వసారాలు కాలక్రమమున క్రిందికి వంగినవనియు, 2002లో ఉక్కు తీగెలతో వాటిని బిగింపవలసి వచ్చినదనియు కూడ చెప్పవలెను. నేలపై ప్రేమ ఉన్నంత మాత్రమున కడ్డీల లెక్క తప్పినచో నేల క్షమింపదు.

ఆరిజోనా మనకు దూరము. మన దేశముననే, తిరువనంతపురమున, లారీ బేకర్ (1917–2007) 1970ల ఆరంభమున సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ అను సంస్థకు కట్టిన భవనములు ఈ పాఠమునకు మంచి ఉదాహరణము. కొండవాలును చదును చేయక వాలుననుసరించి కట్టెను. చెట్టు అడ్డము వచ్చిన చోట గోడయే వంగి ప్రక్కకు తప్పుకొన్నది. ఇటుక గోడను వంచుటకు అదనపు ఖర్చేమియు పెద్దగా లేదు, వంచవలెనను బుద్ధి ఉండవలెను.

ఇక మన దక్కను నేల సంగతి. హైదరాబాదు చుట్టునున్న గ్రానైటు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరముల వయస్సు గలది. భూమి లోపల నుండగనే రాతిలోని పగుళ్ళ వెంట నీరు దిగి, అంచులను మెత్తపరచి, ముక్కలను గుండ్రముగా చేసినది. పై మన్ను కొట్టుకొనిపోగా ఒకదానిపై నొకటి పేర్చినట్లు బండలు మిగిలినవి. ఈ బండలను శత్రువులుగా చూడవలెనని ఎవరు చెప్పిరో తెలియదు. గోలకొండ కోట కట్టినవారు అట్లు చూడలేదు. బాలాహిస్సారునకు ఎక్కునపుడు చూడుడు: గోడ వచ్చి బండను కలిసికొని, బండయే గోడగా కొంతదూరము సాగి, మరల కట్టిన గోడ మొదలగును. 1930ల ప్రాంతమున బంజారా హిల్సులో మెహదీ నవాజ్ జంగ్ గారు కట్టించుకొన్న ఇల్లు కూడ బండలను పేల్చక, వాటిని తనలో కలుపుకొన్నదే. ఆయనయే తరువాత గుజరాతు రాష్ట్రమునకు మొదటి గవర్నరు అయిరి. నేడు అదే కొండలలో స్థలము కొన్నవారు మొదట చేయు పని బండను పేల్చుట. తరువాత అదే గ్రానైటును పలకలుగా కొని ముందు గోడకు అతికించుట.

విదేశపు పాఠ్యగ్రంథములను అట్లే అనుసరించుటలో మరియొక ప్రమాదము కలదు. చలిదేశపు పుస్తకము ఎండను ఇంటిలోనికి ఆహ్వానింపుమని చెప్పును. మన లెక్క వేరు. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. జూన్ 21 మధ్యాహ్నమున సూర్యుడు మన నడినెత్తికి 6 డిగ్రీలు ఉత్తరముగా నుండును; డిసెంబరు 22 మధ్యాహ్నమున దక్షిణ ఆకాశమున 49 డిగ్రీల ఎత్తున నుండును. కాబట్టి దక్షిణపు కిటికీపై 3 అడుగుల చజ్జా వేసినచో, డిసెంబరు మధ్యాహ్నపు నీడ గోడపై ఇంచుమించు మూడున్నర అడుగులు దిగును. పడమటి గోడకు చజ్జా పనిచేయదు. సాయంకాలపు ఎండ వాలుగా వచ్చి చజ్జా క్రింద నుండి దూరును. అచట వసారాయో, చెట్టో, మెట్లగదియో అడ్డుగా నుండవలెను. పడమటి వైపున ఒక పాత చింతచెట్టు ఉన్న స్థలములో దానిని కొట్టి, ఆ గోడకు శీతల యంత్రము బిగించువాని తెలివిని ఏమనవలెను!

వాలు విషయము కూడ ఇట్టిదే. పదడుగులకు ఒక అడుగు వాలు గల నేలపై 30 అడుగుల ఇల్లు కట్టినచో ఈ కొసకు ఆ కొసకు 3 అడుగుల తేడా వచ్చును. సాధారణముగా పల్లపు వైపు గోడలేపి మొరము పోసి చదును చేయుదురు. పోసిన మన్ను సరిగా దిమ్మిస చేయనిచో ఏటేట కుంగును, నేల పగులును, గోడపై తడి నెట్టుడు పెరుగును. అట్లుగాక ఇంటిని రెండు సగములుగా విడదీసి, ఒకటి రెండవ దానికంటె అడుగున్నర దిగువగా పెట్టినచో, నడుమ ఆరంగుళముల మెట్లు మూడు చాలును. మన్ను పని చాల తగ్గును. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు గల ఇంట ఈ మూడు మెట్లును బరువే. అట్టి ఇంట వారి గదియు, వంటయిల్లును, స్నానపు గదియు ఒకే మట్టమున నుంచవలెను. ఇట్టి తూకము వేయించుటయే గురువు పని.

దూరదేశపు శిక్షణ లేకయే మన పూర్వులు ఈ తూకము వేసిరి. ఉత్తరాంధ్ర తీరమున చుట్టిల్లు గుండ్రముగా నుండి, తాటాకు కప్పు నేలవైపు వంగి యుండును. తుపాను గాలికి పట్టు దొరకక ప్రక్కకు జారిపోవును. కోస్తా జిల్లాలలో మండువా లోగిలి కప్పులు నడిమి ముంగిలి వైపు వాలి, గాలి వెలుతురులను నడుమకు తెచ్చును. వాన తక్కువైన రాయలసీమలో మట్టి మిద్దె చదునుగా నుండి ఎండకు చల్లదనమును, వేసవి రాత్రులకు పడకను ఇచ్చును. మిద్దెను తీరమునకు తీసికొనిపోయినచో వానకు నానిపోవును. వాస్తుశిల్ప విద్యార్థి మొదటి సంవత్సరముననే తన తాతగారి ఊరిలోని ఒక పాత ఇంటిని కొలబద్దతో కొలిచి, నిలువుకోత గీసి, ప్రతి కొలత ప్రక్కన "ఇది ఎందుకు?" అను ప్రశ్నకు ఇంటి పెద్దలు చెప్పిన సమాధానము వ్రాయవలెనని మా సూచన. ఉర్దూ బునియాదు తెలుగున పునాది అయినదని పెద్దలు చెప్పుదురు. నక్షా, దర్వాజా, చజ్జా కూడ మనము రెండు భాషలలోను పంచుకొన్న మాటలే. కాబట్టి ఈ పనికి మన విద్యార్థులకు భాష అడ్డము రాదు.

ఇదంతయు సౌందర్య చర్చ అనుకొనువారు కొన్ని తేదీలను తలచుకొనవలెను. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచినది. ఆ పాఠముతోనే తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టబడినవి. 2020 అక్టోబరులో నగరపు కాలనీలు అనేకము మునిగినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది ఇండ్లలో నీరు నిలిచినది. చెరువు శిఖములోను, వాగు దారిలోను కట్టిన ఇంటికి నక్ష గీసినవాడు ఒకడు తప్పక ఉండును. అతడు చదువుకొన్నవాడే కావచ్చును. నేల పటమును చదువుట మాత్రము అతనికి ఎవరును నేర్పియుండరు, లేదా నేర్చియు నోరు మెదపకుండును. 100 చదరపు మీటర్ల కప్పుపై 800 మిల్లీమీటర్ల వాన కురిసినచో సంవత్సరమునకు 80,000 లీటర్ల నీరు. ఆ నీరు ఎటు పోవునో గీయని నక్ష అసంపూర్ణము.

ఎత్తుపల్లములను పటముపై చూపు గీతలను సమోన్నత రేఖలందురు. ఒకే ఎత్తున నున్న బిందువులను కలిపిన గీత అది. గీతలు దగ్గరగా నున్న చోట వాలు నిటారు. దూరముగా నున్న చోట నేల చదును. గీతలు ఎగువ వైపునకు కొనతేలి వంగిన చోట నీటి దారి. దీనికి ఖరీదైన యంత్రము లేనిదే కాదని విద్యార్థులు భయపడుదురు. మేస్త్రీ ఇంట పెరిగినవానికి ఆ భయము అవసరము లేదు.

మన కళాశాల కమిటీ వారు వెనుక మైదానమున విద్యార్థి వసతిగృహము కట్టించు ఆలోచనలో ఉన్నారని వినుచున్నాము. అచట ఒక పెద్ద బండయు, రెండు వేపచెట్లును కలవు. నేల నాలా వైపునకు వాలి యున్నది. నక్షకు పురమాయించుటకు ముందు ఒక వానకాలము ఆ నేలను విద్యార్థులకు అప్పగింపవలెనని మా విన్నపము. పని ఇట్లు సాగవచ్చును. మైదానమును పదేసి అడుగుల గళ్ళుగా విభజించి, ప్రతి గడి మూలను ఒక మేకు కొట్టవలెను. మేస్త్రీలు మట్టము చూచు పారదర్శకపు నీటిగొట్టమును తీసికొని, ఒక కొనను బండపై గీసిన గుర్తు వద్ద నిలిపి, రెండవ కొనను మేకు వద్ద నిలువుగా పట్టిన కొలకర్రకు ఆనింపవలెను. రెండు కొనలలోను నీరు ఒకే ఎత్తున నిలుచును. బండ వద్దనున్న కొనలో నీరు గుర్తుకు సరిపడినపుడు, కొలకర్ర వద్ద నీటిమట్టము నుండి నేలకు ఎంత దూరమో చూచి వ్రాసికొనవలెను. ఆ దూరము ఎక్కువైన మేకు పల్లమున నున్నట్లు, తక్కువైన మేకు మెట్టన నున్నట్లు. ఆ అంకెలను గళ్ళ కాగితముపై వేసి, సమానమైన అంకెలను కలుపగా పటము సిద్ధమగును. వానపడిన మరునాడు నీరు నిలిచిన చోటులను అందులో నీలి రంగుతో గుర్తింపవలెను. రెండు వేపల కాండముల చుట్టుకొలతలను, సాయంకాలము నాలుగు గంటలకు వాటి నీడ చేరు హద్దును కూడ వేయవలెను. ఇద్దరు విద్యార్థులు, ఒక గొట్టము, ఒక కొలకర్ర చాలును. గొట్టములో గాలిబుడగ మిగులకుండ మాత్రము చూచుకొనవలెను. బుడగ ఉన్నచో మట్టము తప్పును.